తోట ఇంటికి తుపాకి: ఏది మేలు?

ఊరికి దూరంగా బోరు దగ్గర ఇల్లు కట్టుకున్న రైతుకు రాత్రిపూట కునుకు పట్టదు. మోటారు వైరు కోసుకుపోయే దొంగ ఒకవైపు, వేరుశనగ పెళ్లగించే అడవి పందులు మరొకవైపు. వాన లేని ఏడాది చేతికొచ్చే నాలుగు మూటలే ఇంటికి ఆధారం. అందుకే లైసెన్సు తుపాకి తెచ్చుకుంటే ఎట్లుంటుందని పలువురు అడుగుతున్నారు.

ఇంటి కాపలాకు పల్లెల్లో పేరున్నది పన్నెండు బోరు తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావో గొట్టం అంత లావు, అందుకే ఆ పేరు. 1959 నాటి ఆయుధాల చట్టం రక్షణకు 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకిని, పంట కాపలాకు మందు కూరే తుపాకిని పేర్కొంది.

ఒంటి గొట్టం కన్న జంట గొట్టం మేలని నా అభిప్రాయం. మడత విప్పితే తూటా ఉందో లేదో చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. పంపు తుపాకిలో తూటాలు ఎక్కువ పడతాయి గాని, లోపల ఒకటి మిగిలిపోతే చప్పున తెలియదు. పాతది కొనేవారు గొట్టాలను వెలుతురుకు పట్టి తుప్పు గుంటలు, సొట్టలు చూడాలి. పాత తుపాకులు కొన్నింటికి తూటా గది 65 మిల్లీమీటర్లే. 70 మిల్లీమీటర్ల తూటా అందులో దూరుతుంది గాని, పేలినప్పుడు మూతి విచ్చుకోను చోటు చాలక ఒత్తిడి పెరిగి ప్రమాదం.

ఇక గోడ సంగతి. మన రాతి గోడ రవ్వలను ఆపుతుంది. తడిక ఆపదు, తలుపు చెక్కను కూడా నమ్మరాదు. తడిక అవతల పిల్లలు పడుకుని ఉంటారు.

తుపాకి చేతికొచ్చినా పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ అధికారుల అనుమతి కావాలి. కృష్ణజింక మాట చెప్పనే అక్కర లేదు. దొంగ విషయమూ అంతే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో రాత్రి ఇంటికి కన్నం, దోపిడీ, ప్రాణభయం వంటి సందర్భాలకే ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కుంది, అదీ అవసరానికి మించరాదు. వైరుతో పారిపోయేవాని వీపున కాలిస్తే జైలు మనకే. వైరు పోతే వేలు, కేసు పడితే ఎకరాలు.

లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అర్జీపై పోలీసు విచారణ జరుగుతుంది. 2019 సవరణతో గడువు 5 ఏళ్లయింది. 2022లో జిల్లా చీలింది గనుక ధర్మవరం, కదిరి, హిందూపురం వైపు వారు పుట్టపర్తి కలెక్టరేటుకు వెళ్లాలి.

మా చిన్నాయన తుపాకి దూలానికి వేలాడేది. తూటాలు మాత్రం చిన్నమ్మ గింజల కుండలో దాచేది. ఒక రాత్రి కుక్కలు మొరిగాయి, బోరు దగ్గర మనిషి నీడ కదిలింది. చిన్నాయన తూటాలడిగితే ఆమె కుండలు వెతుకుతూనే ఉంది. అంతలో కేక వినబడింది: "మామా, కరెంటొచ్చింది, మోటారేస్తాండా!" పక్క చేని పిల్లవాడు.