దెబ్బ తిన్నవాడిని చూడాలి

2005 జులై 18న టోక్యో డోమ్‌లో కెంటా కొబాషి, కెన్సుకే ససాకి తలపడ్డారు. జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గట్టి దెబ్బల పోటీ అనగానే అభిమానులు ముందుగా తలుచుకునే వాటిలో అదొకటి. ప్రో రెజ్లింగ్ నోవా అనే సంస్థ నిర్వహించిన ఆ రాత్రి కార్యక్రమంలో అది ఆఖరి పోటీ కూడా కాదు, దానికి ముందుది. అయినా టోక్యో స్పోర్ట్స్ పత్రిక ఏటా ప్రకటించే ఉత్తమ పోటీ పురస్కారం ఆ ఏడాది దానికే దక్కింది. కుర్చీలతో కొట్టుకోవడాలు, బల్లలు విరగ్గొట్టడాలు, మైకు పట్టుకుని సవాళ్లు విసరడాలు దాని గొప్పతనానికి కారణం కాదు. వందకు పైగా కిలోల బరువున్న ఇద్దరు మనుషులు బరి మధ్యలో ఎదురెదురుగా నిలబడి, ఒకరి ఛాతీ మీద ఒకరు చేత్తో బాదుకుంటూ పోయారు. ఇంతేనా అనిపించే ఆ సన్నివేశాన్ని ఇరవై ఏళ్లుగా అభిమానులు మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

తెలుగువారికి ఈ రకం కుస్తీ ఎక్కువగా టీవీలో వచ్చే అమెరికా డబ్ల్యూడబ్ల్యూఈ ద్వారానే పరిచయం. అక్కడ పేరు తెచ్చుకున్న గ్రేట్ ఖలీ అంతకుముందు జపాన్‌లో జయంట్ సింగ్ పేరుతో బరిలోకి దిగాడన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. రెండు దేశాల్లోనూ మూల సూత్రం ఒకటే. ఎవరు గెలవాలో ముందే నిర్ణయమవుతుంది. ఇద్దరూ సహకరించుకోకపోతే అంత బరువున్న మనిషిని తలకిందులుగా ఎత్తి పడేయడం సాధ్యం కాదు. గెలుపోటములు ముందే తేలిపోయి ఉండటం రసానికి అడ్డు రాదని, కురుక్షేత్రం నాటకంలో పద్యాల కోసం తెల్లవార్లూ కూర్చున్న జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ ఫలితం ఆడేవాళ్లకు తెలుసు, చూసేవాళ్లకు తెలియదు.

అంతా ఉత్తుత్తిదే కదా అనే మాట ఇక్కడే కొంత తడబడుతుంది. ఫలితం నిర్ణయమైనది గానీ, తగిలే దెబ్బ కల్పితం కాదు. కొబాషి చేతి దెబ్బను రెజ్లింగ్ భాషలో చాప్ అంటారు. కుడిచేతిని ఎడమ భుజం దాకా తెచ్చి, అక్కడి నుంచి అడ్డంగా బయటికి విసురుతాడు. చిటికెన వేలి వైపు అంచు, దానితో పాటు చేతి వెనకభాగం ఎదుటివాడి ఛాతీని తాకుతాయి. దాన్ని మెత్తగా వేయడానికి వీల్లేదు, ఎందుకంటే చప్పుడు చర్మం మీది నుంచే రావాలి. నాలుగైదు తగిలేసరికి ఛాతీ కందుతుంది, ఇరవై దాటితే కమిలి ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగును ఎవరూ నటించలేరు. అలాగని జపాన్‌లో కిటుకులే లేవనుకోవడం అమాయకత్వం. తన్ను తన్నేటప్పుడు చేత్తో తొడ చరుచుకుని చప్పుడు పెంచే అలవాటు అక్కడా మామూలే.

దెబ్బకు పిడికిలి కాకుండా చేయి అంచును వాడటానికి కారణం ఉంది. ప్రొఫెషనల్ రెజ్లింగ్ నియమాల్లో బిగించిన పిడికిలితో గుద్దడం తప్పు. రెఫరీ చూసీచూడనట్టు వదిలేయవచ్చు గానీ, రాసుకున్న నియమం అది. అందుకని ముంజేతితో కొట్టడం, చాప్, కాలి తన్ను, మెడకు అడ్డంగా చేయి విసిరే లారియట్ ముఖ్యమైన దెబ్బలయ్యాయి. పైగా చాప్ పడేది మందమైన కండ మీద, వెడల్పైన చోట. నొప్పి విపరీతంగా ఉంటుంది గానీ, తలకు తగిలే దెబ్బతో పోలిస్తే ప్రమాదం చాలా తక్కువ.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు రికిదోజాన్. కొరియాలో పుట్టి, జపాన్ వచ్చి సుమోలో పైస్థాయికి ఎదిగి, 1950లో దాన్ని వదిలేసి రెజ్లింగ్‌లోకి దిగాడు. 1954 ఫిబ్రవరి 19న మసాహికో కిమురాతో జతకట్టి షార్ప్ సోదరులనే విదేశీ జోడీతో తలపడ్డాడు. అప్పటికి జపాన్‌లో టీవీ ప్రసారాలు మొదలై ఏడాదే అయింది. వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం కిక్కిరిసిపోయారు. యుద్ధంలో ఓడిన దేశం, తెల్లవారి ఛాతీ మీద రికిదోజాన్ చేత్తో బాదుతుంటే చూసి పొంగిపోయింది. అతని ఆయుధం కూడా కరాటే చాప్ అనే చేతి దెబ్బే. నైట్‌క్లబ్బులో కత్తిపోటుకు గురై 1963 డిసెంబరులో చనిపోయాడు. ఆయన శిష్యులైన ఆంటోనియో ఇనోకి, జయంట్ బాబా 1972లో విడివిడిగా న్యూ జపాన్, ఆల్ జపాన్ అనే రెండు సంస్థలు పెట్టారు. రెజ్లింగ్ నిజమైన పోరులా కనిపించాలని ఇనోకి పట్టుబట్టాడు. అక్కడి ధోరణికి స్ట్రాంగ్ స్టైల్ అని పేరొచ్చింది. బాబా సంస్థలో 1990ల నాటికి మరో పద్ధతి పండింది. పోటీ పొడవునా తీవ్రతను మెట్టు మెట్టుగా పెంచుకుంటూ, పాత పోటీల జ్ఞాపకాలను కొత్తవాటిలో కలుపుకుంటూ పోవడం దాని తీరు. దాన్ని కింగ్స్ రోడ్ అంటారు.

కొబాషి బాబా దగ్గర తయారైనవాడు. క్యోసెరా కంపెనీలో ఉద్యోగం మానేసి ఆల్ జపాన్‌లో చేరాడు, 1988లో తొలిసారి బరిలోకి దిగాడు. ససాకి పేరు తెచ్చుకున్నది న్యూ జపాన్‌లో. రెండు సంస్థలూ పొరుగిళ్ల మధ్య గోడ కట్టుకున్నట్టు ఉండేవి కాబట్టి, ఒకే తరానికి చెందిన ఈ ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురుపడలేదు. 2000లో మిత్సుహారు మిసావా ఆల్ జపాన్ రెజ్లర్లలో అత్యధికులను వెంటబెట్టుకుని బయటికి వచ్చి నోవా స్థాపించాడు, కొబాషి అతని వెంట వెళ్లాడు. ససాకి న్యూ జపాన్ నుంచి బయటికి వచ్చేశాడు. అప్పటికి గానీ ఈ పోటీకి దారి దొరకలేదు. ఇంత కథ తెలిసినవాడికి మొదటి చాప్ చప్పుడే వేరుగా వినిపిస్తుంది.

ఇక ఆ పోటీ. చాప్‌లు మొదలైన కొద్దిసేపటికే ఇద్దరిలో ఎవరూ కాచుకోవడం లేదని తెలుస్తుంది. చేయి అడ్డం పెట్టడం, పక్కకు తప్పుకోవడం లేదు. ఒకడు కొడతాడు, రెండోవాడు భరిస్తాడు, తర్వాత వంతు మారుతుంది. నిజమైన తగాదాలో ఇలా జరగదు కదా అన్న అభ్యంతరం సహజం. ఇది తగాదా కాదు, సై అంటే సై అనే పందెం. ముందు ఎవడు వెనక్కి తగ్గుతాడన్నదే ప్రశ్న. నిమిషాల తరబడి అదే దెబ్బ, అదే చోట. విసుగు పుట్టాల్సింది పోయి డోమ్ అంతా ఒక్కో దెబ్బకూ హోరెత్తుతూ పోతుంది.

కొత్తగా చూసేవారి కళ్లు కొట్టే చేతి మీదే ఉంటాయి. చూడవలసింది దెబ్బ తిన్నవాడిని. మొదటి చాప్‌కు ససాకి పాదాలు నేలలో పాతుకున్నట్టే ఉంటాయి, ఛాతీ ముందుకొస్తుంది, ముఖంలో కోపం. మరికొన్ని పడ్డాక భుజం కాస్త తిరుగుతుంది. ఆ తర్వాత, జవాబు ఇవ్వడానికి ముందు ఒక గుక్క ఊపిరి ఎక్కువ పడుతుంది. ఆ ఊపిరి వ్యవధే అసలు కథ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతోందంటే శక్తి తరుగుతోందని అర్థం. ఉన్నట్టుండి అది తగ్గిందంటే పౌరుషం పొడుచుకొచ్చిందని అర్థం. కొబాషి వైపు ఇంకో సంగతి గమనించాలి. నొప్పిని దాచుకునే మనిషి కాదతను. ముఖం వికృతంగా ముడుచుకుపోతుంది, కళ్లు పెద్దవవుతాయి, అయినా కాళ్లు కదలవు. ముఖం ఓడిపోతుంటే ఒళ్లు ఒప్పుకోకపోవడమనే ఈ వైరుధ్యమే అతన్ని జపాన్ ప్రేక్షకులకు అంత ఆప్తుణ్ణి చేసింది.

దెబ్బల తర్వాత పట్టి పడేయడాలూ ఉన్నాయి. ససాకికి ప్రసిద్ధి తెచ్చిన నార్తర్న్ లైట్స్ బాంబ్ అతని భార్య, మహిళా రెజ్లర్లలో మేటి అయిన అకిరా హొకుతో కనిపెట్టింది. ఆ మొరటు మగతనపు పోరులో అదొక సరదా విశేషం. చివరికి గెలిచింది కొబాషి, 24 నిమిషాల లోపే. ఆ విజయం పెద్దగా ఎవరి చర్చల్లోనూ రాదు. చాప్‌లే మిగిలాయి.

గట్టి దెబ్బల పోటీలన్నీ ఒకే అచ్చులో ఉండవు. 1994 జూన్ 3న టోక్యోలోని నిప్పాన్ బుదోకాన్‌లో మిసావా, తొషియాకి కవాడా ట్రిపుల్ క్రౌన్ బిరుదు కోసం పోరాడిన పోటీ 35 నిమిషాల 50 సెకన్లు సాగింది. ఇద్దరూ ఒకే పాఠశాలలో చదివి, అక్కడి రెజ్లింగ్ జట్టులో ఆడినవారు, మిసావా ఒక ఏడాది సీనియర్. 1990లో, అప్పటిదాకా తాను వేసుకున్న టైగర్ మాస్క్ ముసుగు తీసేయాలనుకున్నప్పుడు మిసావా బరిలోనే దాని ముడి విప్పించుకున్నది కవాడా చేతనే. తర్వాత ప్రత్యర్థులయ్యారు. మిసావా ఆయుధం ముంజేయి, కవాడాది కాలు. ఆ పోటీలో దెబ్బలు తొందరపడవు. మొదట్లో తగిలినదాని ఫలితం అరగంట తర్వాత మోకాలి వణుకులో కనబడుతుంది. ఆ రోజు మిసావాయే గెలిచాడు. ఆ బిరుదు పోటీలో అతన్ని ఓడించడానికి కవాడాకు 1998 మే 1 దాకా పట్టింది. టోక్యో డోమ్‌లో కొబాషి, ససాకి తలపడిన రాత్రి ఆఖరి పోటీ మళ్లీ ఈ ఇద్దరిదే.

దీనికి పూర్తిగా భిన్నమైనది 2013 ఆగస్టు 4న ఒసాకాలో తొమోహిరో ఇషీ, కత్సుయోరి షిబాటాల పోరు. అంతా కలిపి 12 నిమిషాలు. పరిచయాలు, పట్లు, ఊపిరి తీసుకునే తెరిపి ఏమీ లేవు. కింద పడినవాడు నొప్పిని పట్టించుకోకుండా అప్పటికప్పుడు లేచి తిరిగి కొడతాడు. పౌరుషంతో లేచాడే గానీ దెబ్బ తగలక కాదని తెలియాలంటే, మరుక్షణం అతను కూలిపోవాలి. ఆ కూలిపోవడాన్ని సరైన సమయంలో చూపించడం ఇషీకి బాగా తెలుసు. నేర్పు లేనివాళ్లు దీన్ని అనుకరిస్తే దెబ్బలకు విలువే లేకుండా పోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి వట్టి బాదుళ్లు కొల్లలుగా వచ్చాయి.

ప్రేక్షకులూ ఈ ఆటలో భాగమే. జపాన్‌లో పోటీ మొదట్లో సభ చాలాసార్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అది నిరాసక్తత కాదు. మధ్యలో పేర్లు పిలవడం మొదలవుతుంది, చివర్లో కాళ్లతో నేలను దడదడలాడిస్తారు. భుజాలు నేలకు అదిమి పెట్టినప్పుడు రెఫరీ మూడు లెక్కపెట్టే లోపు, రెండు దాటాక భుజం లేస్తే వచ్చే హోరు వేరు. ఒకటి అనగానే లేస్తే వచ్చే ఆశ్చర్యం వేరు. 2020 మార్చి 29న కరోనా వల్ల ఖాళీగా ఉన్న కోరాకుయెన్ హాల్‌లో గో షియోజాకి, కజుయుకి ఫుజితా నోవా బిరుదు పోటీ ఆడారు. మొదటి అరగంట ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు! జనం ఉండి ఉంటే అది అసాధ్యం. లేరు కాబట్టే ఆ సాహసం చేశారు, అది అందరికీ నచ్చిందనీ చెప్పలేం.

ఈ కళను మెచ్చుకునేవారు దాని ఖరీదును పక్కన పెట్టలేరు. 2009 జూన్ 13న హిరోషిమాలో మిసావా బ్యాక్‌డ్రాప్ అనే మామూలు ఎత్తుకు వెల్లకిల పడి మళ్లీ లేవలేదు. మెడ వెన్నుపాము దెబ్బతిని ఆ రాత్రే చనిపోయాడు, వయసు 46. ఆ ఒక్క పాటు కన్నా, అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా మెడ మీద పడిన పాట్లన్నీ కలిసి ప్రాణం తీశాయని చాలామంది నమ్ముతారు. 2017 ఏప్రిల్ 9న షిబాటా చేతులు అడ్డం లేకుండా తన తలతో కజుచికా ఒకాడా తలను బలంగా మోదాడు. నుదుటి మీదుగా రక్తం కారింది, పోటీ పూర్తి చేశాడు. ఆ తర్వాత మెదడు పొరల మధ్య రక్తస్రావానికి శస్త్రచికిత్స జరిగింది. మళ్లీ పోటీలో నిలవడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. కమిలిన ఛాతీ కొన్ని వారాల్లో మానుతుంది. తలకూ మెడకూ ఆ సదుపాయం లేదు. కొబాషి, ససాకిల చాప్‌లను నిస్సంకోచంగా పొగడవచ్చు. ఆ కాలంలోనే ఈ మనుషులే ఒకరినొకరు తల మీద పడేసుకున్న పాట్లను పొగిడేటప్పుడు మాత్రం కాస్త ఆగాలి.

కొబాషికి 2006లో మూత్రపిండంలో క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్స చేయించుకుని 2007 డిసెంబరు 2న బుదోకాన్‌లో మళ్లీ బరిలోకి వచ్చాడు. మోకాళ్లు, మెడ ఇక మొరాయించాక 2013 మే 11న అదే బుదోకాన్‌లో విరమించాడు. నలుగురు నలుగురుగా ఆడిన ఆ వీడ్కోలు పోటీలో ససాకి అతని పక్షాన నిలబడ్డాడు. ఎదుటి పక్షంలో ఉన్నవారిలో ఒకడు షియోజాకి. ఒకప్పుడు కొబాషికి సహాయకుడిగా పనిచేసి, అతని చాప్ నేర్చుకున్నవాడు. మరుసటి ఏడాది ససాకి కూడా విరమించాడు.