గడ్డిలోని నీలము

సీతాకోకచిలుకను దాని నెలవుననే ఛాయాచిత్రము దీయుటకు కొండలకో అడవులకో పోవలెనని మేము చాలకాలము తలచితిమి. గత కార్తికమున పాఠశాల వెనుక బీడులో పప్పులోనికి పులిచింతాకు కోయబోగా ఆ తలపు తొలగెను. గోరంత నీలపు చిలుకలు పాదములచెంత నెగురుచుండెను. పులిచింతయే వీని గొంగళిపురుగుల కాహారము. ఆంగ్లమున వీనిని పేల్ గ్రాస్ బ్లూ లందురు.

కెమెరా యెత్తుసరికి నీలము మాయము! వాలినంతనే రెక్కలు ముడుచును. అపుడు కనబడునది చుక్కలతోడి బూడిదవన్నె. మూడు దినములు బూడిదనే తీసితిమి. మావారు నవ్విరి. ప్రొద్దుటి యెండకు మేను కాచుకొనునపుడు రెక్కలు విప్పునని పిమ్మట దెలిసినది. మన నీడ పడరాదు, పడెనా, లేచిపోవును. కొంగు బిగించి, తడిగడ్డిలో మోకాళ్లపై వేచితిమి. నాలుగవనాడు దక్కినది. ఆ నీలము మగదానిదే. ఆడుది ముదురు కపిశవర్ణము. మగదానియందును నీలిరంగన్నది లేదు. రెక్కల పొలుసుల కట్టడిచే వెలుతురే యట్లు తోచును.

2011లో జపానునందలి ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రము చెడినపుడు, దాని కీడు నరయుటకు శాస్త్రజ్ఞు లీ జాతినే పరీక్షించిరి. కొన్నిటి రెక్కలు కురచవారినవని 2012లో ప్రకటించిరి.

ఇంతలో ఉత్సవమునకై బీడు చెక్కింతురని వింటిమి. "బావిప్రక్క మూలయైనను విడిపింపుడు" అని మావారిని వేడితిమి. గడ్డికై సిఫారసా యని సంకోచించియు, అడిగిరి. రెండు బారల మేర విడిచిరి. తక్కినది చెక్కిరి.