గీత తగ్గించొద్దు, గేటు మూయొద్దు

మా హైస్కూలు గ్రౌండుకి తెల్లవారుజామున పరుగుకి వచ్చేవాళ్లలో ఇప్పుడు సగం దాకా ఆడపిల్లలే. కొందరు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతుంటారు, కొందరు అగ్నివీర్‌కి. భీమిలి దాటి విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్తే ఎక్కడ చూసినా మిలిటరీ ఇళ్లు కనిపిస్తాయి. అన్నో, బాబాయో, మేనమామో ఎవరో ఒకరు సరిహద్దులో ఉంటారు. కాబట్టి సైన్యం గురించి ఈ పిల్లలకి ఊహలు తక్కువ, వివరాలు ఎక్కువ తెలుసు. వ్యాయామ ఉపాధ్యాయురాలిని కనుక వాళ్ల సందేహాలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఇంటర్ చదివే పిల్ల ఒకామె ఈ మధ్య సూటిగా అడిగింది: “మేడమ్, ఆడోళ్లని కమాండోల్లోకి తీసుకుంటారా? తీసుకోకపోతే ఎందుకు తీసుకోరు?”

మొదటి ప్రశ్నకి రూల్సు చూసి జవాబు చెప్పొచ్చు. రెండోదానికి మాత్రం మనసు పెట్టి ఆలోచించాలి.

ముందు రూల్సు. మన సైన్య చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన విభాగాల్లోనే మహిళలకి ప్రవేశం ఉంటుంది. అంటే గేటు మూసి ఉండటమే నియమం, తెరవడం మినహాయింపు. డాక్టర్లు, నర్సులు కాకుండా ఇతర విభాగాల్లోకి మహిళా అధికారుల్ని తీసుకోవడం 1992లో మొదలైంది. వాళ్లకి పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మరుసటేడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ పరీక్ష రాసే అవకాశమూ కోర్టు ద్వారానే వచ్చింది. అలా చేరిన అమ్మాయిల్లో 17 మంది 2025 మే 30న తొలి బ్యాచ్‌గా శిక్షణ ముగించుకున్నారు. 2023 ఏప్రిల్‌లో అయిదుగురు మహిళా అధికారులు మొదటిసారి ఆర్టిలరీలో చేరారు. ఇక వైమానిక దళంలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా 2016 జూన్ 18న కమిషన్ అందుకున్నారు. ఆ వేడుక జరిగింది మన హైదరాబాద్ పక్కనే ఉన్న దుండిగల్ అకాడమీలో.

పదాతిదళం, ట్యాంకుల దళం, మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ మాత్రం ఇంకా మగవాళ్లకే. ఆర్మీ కమాండోలైన పారా స్పెషల్ ఫోర్సెస్ కూడా అంతే. ఆర్మీలో అధికారి హోదా లేకుండా జవానుగా చేరాలనుకునే ఆడపిల్లకి దారి ఒక్కటే, మిలిటరీ పోలీసు. అందులో తొలి బ్యాచ్‌గా 83 మంది 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తి చేశారు. నౌకాదళం ఒక అడుగు ముందుకు వేసింది. మార్కోస్ కమాండోలుగా మహిళలు కూడా ముందుకు రావచ్చని 2022 చివర్లో అధికారులు చెప్పారు. మార్కోస్ స్థావరం ఐఎన్ఎస్ కర్ణ ఉన్నది ఈ భీమిలి ప్రాంతంలోనే. ఆ పిల్లకి ఈ ప్రశ్న ఎందుకు తట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు “ఎందుకు తీసుకోరు?” అన్న సంగతి. ఎక్కువమంది చెప్పే కారణం శరీరం. ఈ మాటని నేను తేలిగ్గా తీసిపారేయను. రోజూ ఆడపిల్లల చేత, మగపిల్లల చేత ఒకే గ్రౌండులో చెమటోడ్పించేదాన్ని. తేడా నాకు తెలుసు. కానీ ఆ తేడా గురించి మాట్లాడేటప్పుడు గేటు తెరిచి చూసినవాళ్ల అనుభవాన్ని కూడా చూడాలి. అందుకే మా పిల్లలకి అమెరికాలోని రేంజర్ స్కూలు కథ చెప్తుంటాను.

రేంజర్ స్కూలు అమెరికా సైన్యంలో అతి కఠినమైన శిక్షణల్లో ఒకటి. దాదాపు రెండు నెలలు సాగుతుంది. మొదట జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్, తర్వాత అక్కడి కొండలు, చివరికి ఫ్లోరిడా చిత్తడి నేలలు. కడుపు నిండా తిండి ఉండదు, కంటి నిండా నిద్ర ఉండదు. ఆ స్థితిలో దళాన్ని నడిపించగలవా లేదా అన్నదే పరీక్ష. 2015లో ఈ స్కూలుని మొదటిసారి, అదీ ప్రయోగంగా, మహిళలకి తెరిచారు. మొదటి వారంలో దాటాల్సిన గీతలు ఇవి: రెండు నిమిషాల్లో 49 పుష్-అప్స్, మరో రెండు నిమిషాల్లో 59 సిట్-అప్స్, 40 నిమిషాల్లో 5 మైళ్ల పరుగు, 6 చిన్-అప్స్. ఆ తర్వాత 35 పౌండ్ల బరువు మోస్తూ 3 గంటల్లో 12 మైళ్ల నడక. 35 పౌండ్లంటే దాదాపు 16 కిలోలు, 12 మైళ్లంటే 19 కిలోమీటర్లు. మగవాళ్లకి ఏ అంకెలో ఆడవాళ్లకీ అవే.

ఏప్రిల్ 20న 19 మంది మహిళలు మొదలుపెట్టారు. మొదటి వారం దాటేసరికి ఎనిమిది మంది మిగిలారు. తర్వాతి దశలో ఆ ఎనిమిది మందీ ఫెయిలయ్యారు. రెండో అవకాశం ఇస్తే మళ్లీ ఫెయిలయ్యారు. అప్పుడు వాళ్లలో ముగ్గురికి, మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెడతారా అన్న అవకాశం ఇచ్చారు. ముగ్గురూ సరే అన్నారు. వాళ్లలో మిలిటరీ పోలీసు అధికారి క్రిస్టెన్ గ్రీస్ట్, అపాచీ హెలికాప్టర్ పైలట్ షే హేవర్ ఆగస్టు 21న 94 మంది మగవాళ్లతో పాటు పట్టా అందుకున్నారు. మూడో ఆమె లిసా జాస్టర్ అక్టోబరులో పూర్తి చేసింది. ఆమె వయసు 37, ఇద్దరు పిల్లల తల్లి.

ఈ కథలో పట్టా కన్నా నాకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఒక నడకలో వాళ్ల జట్టులోని యువ అధికారి ఒకరు భారం మోయలేక సగం దారిలో ఆగిపోయాడు. కొంచెం బరువు ఎవరైనా తీసుకుంటారా అని అడిగాడు. అందరూ అలిసిపోయి ఉన్నారు, ఎవరూ కదల్లేదు. ముందుకొచ్చి ఆ బరువు తీసుకున్నది షే హేవర్ ఒక్కతే. పట్టా ఇచ్చే ముందు రోజు విలేకరుల ఎదుట ఈ మాట చెప్పింది స్వయంగా ఆ అధికారే. ఆడవాళ్లుంటే దళం ఐక్యత చెడిపోతుందనేవాళ్లు ఈ సాక్ష్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. యుద్ధంలో నీ పక్కవాడు నీ నుంచి కోరేది నీ వంతు మోయడమే. అవసరమైతే అతని వంతు కూడా.

ఆ ఏడాది డిసెంబరులో అమెరికా రక్షణ మంత్రి ఆష్ కార్టర్ అన్ని యుద్ధ విభాగాల్నీ మహిళలకి తెరిచారు. 2016లో గ్రీస్ట్ ఆ దేశ సైన్యంలో తొలి మహిళా పదాతిదళ అధికారి అయ్యింది. బ్రిటన్ 2018లో రాయల్ మెరీన్స్, ఎస్ఏఎస్ ప్రత్యేక దళం సహా అన్ని విభాగాల్నీ తెరిచింది.

ఎదుటివాళ్ల వాదనకి బలమైన ఆధారం కూడా అదే 2015లో వచ్చింది. అమెరికా మెరీన్ దళం ఆడా మగా కలిసిన జట్లని, మగవాళ్లే ఉన్న జట్లని పక్కపక్కన పెట్టి పరీక్షించింది. 134 పనుల్లో 93 పనుల్లో మగవాళ్ల జట్లే మెరుగ్గా చేశాయి. కండరాల, ఎముకల గాయాలు మగవాళ్లలో 18.8 శాతం మందికి తగిలితే ఆడవాళ్లలో 40.5 శాతం మందికి తగిలాయి. ఈ అంకెల్ని దాచిపెట్టి మాట్లాడటం ఆడపిల్లలకే ద్రోహం. అయితే ఆ పరీక్షకి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది పదాతిదళ శిక్షణ స్కూళ్ల నుంచి నేరుగానో, యుద్ధేతర ఉద్యోగాల నుంచో వచ్చినవాళ్లు. మగవాళ్లలో ఎందరో అప్పటికే యుద్ధ దళాల్లో పనిచేసి వచ్చారు. పైగా సగటు అనేది గుంపు గురించి చెప్తుంది గానీ, ఎదురుగా నిలబడిన ఒక మనిషి గురించి చెప్పదు. కమాండో దళానికి సగటు మగవాడూ పనికిరాడు. వాళ్లు ఏరుకునేది అరుదైనవాళ్లని. అలాంటప్పుడు అరుదైన ఆడమనిషిని పరీక్షకే రానివ్వకపోవడం ఏం న్యాయం?

మా గ్రౌండులో నాకు రోజూ కనిపించేది చెప్తాను. ఆర్మీ ర్యాలీకి వెళ్లే మగపిల్లాడు బీమ్ తీయాలి, అంటే కడ్డీ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా లేవాలి. పాసవ్వడానికి కనీసం 6, పూర్తి మార్కులకి 10. మిలిటరీ పోలీసుకి వెళ్లే ఆడపిల్లకి 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, హై జంప్ ఉంటాయి, బీమ్ లేదు. పరీక్షలో లేనిదాన్ని ఎవరూ నేర్పరు. నేర్పనిది రాదు. రాలేదు కాబట్టి ఆడపిల్లల వల్ల కాదంటారు.

బీమ్ కిందికి మొదటిసారి వచ్చిన పిల్ల ఎగిరి కడ్డీ పట్టుకుంటుంది. మోచేతులు కొంచెం కూడా వంగవు. కాళ్లు కొట్టుకుంటుంది. అరచేతులు మండి వదిలేస్తుంది. “నా వల్ల కాదు మేడమ్” అంటుంది. ముందు ఊరికే వేలాడమంటాను. పట్టు కుదిరాక స్టూలెక్కి, గడ్డం కడ్డీ పైన పెట్టి, కాళ్లు వదిలేసి వీలైనంత నెమ్మదిగా దిగమంటాను. పైకి లేపలేని బరువుని కూడా కండరం దించేటప్పుడు ఆపగలదు. అలా ఆపుతూ ఆపుతూ వీపు, భుజాలు గట్టిపడతాయి. నెలలు పడుతుంది. మగపిల్లలకన్నా ఎక్కువే పడుతుంది. కానీ వస్తుంది. మొదటి బీమ్ పూర్తిగా తీసిన రోజు ఆ పిల్ల కన్నా కింద నిలబడి చూసేవాళ్లే ఎక్కువ అరుస్తారు.

బీమ్ కన్నా పెద్ద అడ్డంకి ఒంట్లో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. రక్తం లేని పిల్ల మూడో రౌండుకే ఆయాసపడుతుంది. సరైన తిండి లేకుండా బరువు మోసి పరుగెత్తితే మోకాలి కింద ఎముకలో, తుంటిలో సన్నటి పగుళ్లు వస్తాయి. మా దగ్గరికి టీ తాగి వచ్చే పిల్లలున్నారు, అదీ లేకుండా వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక తల్లి నన్ను పక్కకి పిలిచి, “మేడమ్ గారూ, ఆడగుంటకి కండలొస్తే రేపు సంబంధాలు వస్తాయా?” అని అడిగింది. ఆమెని తప్పుపట్టలేను, ఆమె భయం ఆమెది. కానీ మనం గుడ్డు పెట్టకుండా, బరువు ఎత్తనివ్వకుండా పెంచిన శరీరాన్ని చూపించి, ప్రకృతే ఇలా చేసిందని తీర్పు చెప్పడం తప్పు.

అలాగని ఆడపిల్లల కోసం గీత తగ్గించమంటే నేను ఒప్పుకోను. గాయపడ్డ సైనికుణ్ని భుజాన వేసుకుని తీసుకురావాలంటే అతని బరువు మోసేవాళ్లని బట్టి తగ్గదు. క్రిస్టెన్ గ్రీస్ట్ కూడా 2021లో ఇదే మాట రాసింది. అమెరికా సైన్యం తన ఫిట్‌నెస్ పరీక్షలో ఆడా మగా తేడాతో మార్కులు వేయాలని ఆలోచిస్తుంటే, యుద్ధ విభాగాల్లో గీత తగ్గిస్తే నష్టపోయేది సైన్యమే కాదు, కష్టపడి గెలిచిన ఆడవాళ్లు కూడా అని బహిరంగంగా వాదించింది. పాసైన వాళ్లని చూసి “ఆడది కాబట్టి వదిలేశారు” అనే మాట పుట్టకూడదంటే గీత ఒకటే ఉండాలి.

అయితే ఆ గీతకీ ఒక షరతుంది. అది ఆ ఉద్యోగంలో నిజంగా చేసే పని నుంచి రావాలి. పనితో సంబంధం లేని కొలత పెడితే అది పరీక్ష కాదు, తాళం. 2021 మార్చిలో నితీషా కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ సంగతే. ఏళ్ల తరబడి సర్వీసు చేసిన మహిళా అధికారులకి, మగవాళ్లు చిన్న వయసులో దాటే శారీరక ప్రమాణాన్ని ఆలస్యంగా వర్తింపజేయడం, పైకి సమానంగా కనిపించినా వివక్షే అని చెప్పింది.

ఇక ప్రాణాపాయం మాట. ఆడవాళ్లని యుద్ధం నుంచి కాపాడాలంటారు. మహిళల్ని యుద్ధ విభాగాల్లో చేర్చుకోని రోజుల్లోనే అమెరికా ప్రత్యేక దళాలు అఫ్గానిస్తాన్‌లో రాత్రి దాడులకి మహిళా సైనికుల్ని వెంట తీసుకెళ్లాయి, అక్కడి ఆడవాళ్లని సోదా చేయడానికి, వాళ్లతో మాట్లాడటానికి. ఆ పని మీద వెళ్లిన లెఫ్టినెంట్ ఆష్లే వైట్ 2011 అక్టోబరులో కాందహార్ ప్రాంతంలో పేలుడులో చనిపోయింది. నియమం ఆమెని కాపాడలేదు. ప్రమాదం పంచుకున్నాక హోదా, శిక్షణ కూడా పంచాల్సిందే.

కాబట్టి ఆ పిల్లకి నేను చెప్పిన జవాబు ఇది: అర్హత అంటే ఉద్యోగం ఇస్తామన్న హామీ కాదు, పరీక్షకి నిలబడనివ్వడం. నిలబడ్డవాళ్లలో చాలామంది ఫెయిలవుతారు, మగవాళ్లు అయినట్టే. ఒక్కరు పాసైనా దేశానికి ఒక మంచి సైనికురాలు దక్కుతుంది.

సైన్యానికి నా విన్నపం: పదాతిదళానికి, స్పెషల్ ఫోర్సెస్‌కి ఏ పనికి ఎంత బలం కావాలో తేల్చి ఒకే గీత పెట్టండి, ముందస్తు శిక్షణకి సమయమివ్వండి, ఎవరైనా ప్రయత్నించనివ్వండి. స్కూళ్లకి: ఆడపిల్లల కోసం గ్రౌండులో ఒక బీమ్ పాతించండి. తల్లిదండ్రులకి: మీ కొడుక్కి పెట్టే గుడ్డు, పాలు కూతురికీ పెట్టండి, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించండి. గేటు తెరవడం ఢిల్లీ చేతిలో ఉంది. అది తెరుచుకునే నాటికి పిల్లని సిద్ధం చేయడం మన చేతిలో ఉంది.