యుద్ధానికి కొలత కట్టిన ఉప్సాలా

స్వీడన్‌లో 1477లో నెలకొన్న ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శాంతి, సంఘర్షణల పరిశోధన విభాగం 1971లో ఏర్పడింది. పొరుగున నార్వేలో యోహాన్ గాల్టుంగ్ 1959లోనే ఓస్లో శాంతి పరిశోధన సంస్థను ప్రారంభించారు. యుద్ధాలు ఎందుకు పుడతాయి, ఎలా ఆగుతాయి అన్న ప్రశ్నలను సేనానులకూ దౌత్యవేత్తలకూ వదిలేయకుండా, వైద్యులు రోగాన్ని పరిశీలించినట్టు పరిశీలించాలన్నది ఆ తరం పరిశోధకుల పట్టుదల. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉండగా 1961లో ఆఫ్రికాలో విమానం కూలి చనిపోయిన డాగ్ హమర్‌షోల్డ్ పెరిగిందీ, చదివిందీ, సమాధి అయిందీ ఉప్సాలాలోనే. ఆయన పేరిట నెలకొల్పిన ఆచార్య పీఠాన్ని 1985లో మొదట అధిష్ఠించింది పీటర్ వాలెన్‌స్టీన్.

ఈ విభాగానికి ప్రపంచంలో పేరు తెచ్చింది సంఘర్షణల గణాంక కార్యక్రమం. దాని లెక్కలో సాయుధ సంఘర్షణ అంటే, ప్రభుత్వాధికారం కోసమో భూభాగం కోసమో ఇరుపక్షాలు ఆయుధాలు పట్టి పోరాడాలి, అందులో ఒక పక్షమైనా ప్రభుత్వం కావాలి, ఒక క్యాలెండర్ ఏడాదిలో ఆ పోరులో కనీసం 25 మంది చనిపోవాలి. మృతులు 1,000కి చేరితే అది యుద్ధం. ప్రభుత్వం ప్రమేయం లేకుండా సాయుధ ముఠాలు పరస్పరం కొట్టుకుంటే అది వేరే పద్దు. నిరాయుధులైన పౌరులను కావాలని చంపితే అది ఏకపక్ష హింస, మరో పద్దు. 24 మంది చనిపోతే లేని సంఘర్షణ 25వ మనిషితో ఎలా పుట్టుకొస్తుందని అడగవచ్చు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఒక దేశాన్ని మరో దేశంతో, ఒక దశాబ్దాన్ని మరో దశాబ్దంతో పోల్చడం కుదరదు. ఆ పోలిక వల్లే, ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న సంఘర్షణలు 2024లో 61కి చేరాయనీ, 1946 నుంచి ఏ ఏడాదీ ఇన్ని లేవనీ తెలిసింది.

లెక్క కట్టే పని ఓపికతో కూడినది. వార్తా సంస్థల కథనాలు, స్థానిక పత్రికలు, మానవహక్కుల నివేదికలు చదివి, ప్రతి ఘటనకూ తేదీ, చోటు, తలపడిన పక్షాలు, మృతుల సంఖ్య నమోదు చేస్తారు. ఒకరు 10 అంటే మరొకరు 40 అనడం యుద్ధంలో మామూలే కాబట్టి తక్కువ అంచనా, ఎక్కువ అంచనా, నమ్మదగిన అంచనా అని మూడు అంకెలు రాస్తారు.

ఈ పట్టికల్లో తెలుగు నేల కూడా ఉంది. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో ఏర్పడిన పీపుల్స్‌వార్, 2004లో మరో నక్సలైటు సంస్థతో విలీనమయ్యాక మావోయిస్టు పార్టీ, భారత ప్రభుత్వంతో చేసిన పోరు ‘ప్రభుత్వాధికారం’ కింద నమోదైంది. కశ్మీర్‌ది ‘భూభాగం’ కింద. పోలీసులు ‘ఎదురుకాల్పులు’ అన్నదాన్ని హక్కుల సంఘాలు ‘పట్టుకుని కాల్చి చంపడం’ అంటే ఏం చేయాలి? నిర్బంధంలో చట్టవిరుద్ధంగా జరిగే హత్యలు ఏకపక్ష హింస లెక్కలోకి రావన్నది ఉప్సాలా నియమం. తెలుగు పాఠకుడికి ఇది కొరుకుడుపడని నియమమే.

వెలుపల మిగిలేవి ఇంకా ఉన్నాయి. యుద్ధం తెచ్చిన ఆకలితో, రోగాలతో పోయినవారు పోరాట మృతుల్లో చేరరు. తుపాకీ పేలకపోయినా పేదరికం, వివక్ష మనిషి ఆయువు తగ్గిస్తే అదీ హింసేనని గాల్టుంగ్ 1969లో వాదించారు. ఉప్సాలా గణాంకాలు ఆ విస్తృత అర్థం జోలికి పోలేదు. వాటి బలం, లోటు రెండూ అక్కడే ఉన్నాయి.

ఈ సమాచారం మీదే ఆధారపడి 2017లో హింసను ముందుగా పసిగట్టే ‘వ్యూస్’ ప్రాజెక్టును హోవార్డ్ హేగ్రే నాయకత్వంలో మొదలుపెట్టారు. ఏ దేశంలో ఎంత ప్రాణనష్టం ఉండవచ్చో అది 36 నెలల ముందు వరకూ నెలనెలా అంచనా వేస్తుంది. ఆఫ్రికా, పశ్చిమాసియాలను సుమారు 55 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికీ లెక్క చెబుతుంది. ఏళ్లుగా నలిగే పోరు ఎటు పోతుందో చెప్పడం దీనికి కాస్త తేలిక. ప్రశాంతంగా ఉన్న దేశంలో హఠాత్తుగా రాజుకునే యుద్ధాన్ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అంచనా వేసే కంప్యూటర్ నమూనా నేర్చుకునేది గతం నుంచే.