కార్డు లాక్కుంటే నోరు మూతపడుతుందా?

విదేశాల్లో ఉన్నవాళ్లను భయపెట్టడానికి పోలీసులను పంపనక్కర్లేదు. పౌరసత్వ చట్టం 7డి సెక్షన్ కింద ఓసీఐ కార్డు రద్దు చేస్తే చాలు. స్వీడన్‌లోని ప్రొఫెసర్ అశోక్ స్వైన్ కార్డును కేంద్రం 2022లో రద్దు చేసింది. సరైన కారణాలు లేవని 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేస్తే, అదే నెలలో మళ్లీ రద్దు చేసింది. 2025 మార్చిలో కోర్టు దాన్నీ కొట్టేసింది.

కార్డే కాదు, వీసా కూడా ఆయుధమే. 2023లో సియాటెల్‌లో కులవివక్షను నిషేధించే చట్టం తెచ్చిన క్షమా సావంత్‌కు, బెంగళూరులో జబ్బుపడ్డ తల్లిని చూడటానికి కూడా వీసా ఇవ్వలేదు.

శిక్ష కొందరికే, భయం అందరికీ. ఊళ్లో అమ్మానాన్నలున్న మన దళిత బిడ్డ అమెరికాలో కులం గురించి మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. వాళ్లకు కావాల్సింది ఆ ఆగడమే. అందుకే మనం ఒకటి గుర్తుంచుకోవాలి: కారణం అడగడం, కోర్టుకెళ్లడం మన హక్కు.