వాహనాల నల్ల ప్లాస్టిక్ వెలిసిపోవడం

కార్లు, జీపుల బయటి వైపున రంగు వేయకుండా వదిలిన నల్లని ప్లాస్టిక్ భాగాలు కొన్నేళ్ళకు బూడిద రంగుకు తిరగడాన్ని వెలిసిపోవడం అంటారు. బంపర్లు, తలుపుల పక్క పట్టీలు, అద్దాల తొడుగులు, వైపర్ల క్రింది పలక, చక్రాల పై అంచులు ఎక్కువగా దీనికి లోనవుతాయి. ఎండ తీవ్రంగా ఉండే చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. నల్ల రంగు ఎగిరిపోయిందని చాలామంది భావిస్తారు గాని, రంగు ఎక్కడికీ పోదు. చెడేది ప్లాస్టిక్ యొక్క పైపొర. ఏ మరమ్మతు నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఈ తేడాపైనే ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లకు క్రోమియం పూత పూసిన ఉక్కు బంపర్లు ఉండేవి. వాటికి తుప్పు భయమే గాని వెలిసిపోయే సమస్య లేదు. 1983లో వచ్చిన మారుతి 800 తరం కార్ల నుండి ప్లాస్టిక్ బంపర్లు క్రమంగా వ్యాపించాయి. తక్కువ ధర నమూనాలలో వాటికి రంగు వేయకుండా నల్లగానే వదిలేయడం వాడుక అయ్యింది.

ఈ భాగాలలో ఎక్కువ వాటికి మూల పదార్థం పాలీప్రొపిలీన్. స్ఫటిక రూపంలోని పాలీప్రొపిలీనును 1954లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త గియులియో నట్టా తయారు చేశాడు. ఈ రంగంలోని కృషికి ఆయనకు, కార్ల్ జీగ్లరుకు 1963లో నోబెల్ బహుమతి లభించింది. కారు బ్యాటరీ పెట్టెలను కూడా సాధారణంగా ఈ ప్లాస్టిక్‌తోనే చేస్తారు. తిరుపతి సమీపంలోని కరకంబాడి అటువంటి బ్యాటరీల తయారీకి ప్రసిద్ధి. బానెట్ క్రింద నీడలో ఉండే బ్యాటరీ పెట్టె వెలియదు, అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన బంపరు మాత్రం వెలుస్తుంది. కనుక అసలు కారణం ఎండే.

కారణాలు

ప్లాస్టిక్‌కు నలుపు ఇచ్చేది కార్బన్ బ్లాక్ అనే అతి సన్నని మసి. దీపపు మసితో చేసే కాటుకకు ఇది దగ్గరి బంధువు. ఏళ్ళు గడచినా కాటుక నలుపు మారనట్లే దీని నలుపూ ఎండకు మారదు. పైగా ఇది అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. చిత్తూరు ప్రాంతపు మామిడి తోటలలో పరచే బిందుసేద్యం గొట్టాలు నల్లగా ఉండడానికి కారణం ఇదే.

అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఉపరితలంలోని పాలీప్రొపిలీన్ గొలుసులను ముక్కలు చేస్తాయి. తయారీలో కలిపిన స్థిరీకరణ పదార్థాలు క్రమంగా ఖర్చైపోతాయి. పైపొర కుంచించుకొని కంటికి కనబడని పగుళ్ళు ఏర్పడతాయి, గట్టిదనం కోసం కలిపిన టాల్క్ పొడి బయటపడుతుంది. ఈ గరుకు తలంపై పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదరడం వలన క్రింద నలుపు ఉన్నా కంటికి బూడిద రంగే కనిపిస్తుంది.

తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడవ వారంలో మరొకసారి ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు కిరణాలు వాతావరణంలో ప్రయాణించే దూరం తక్కువ కనుక అతినీలలోహిత భాగం ఎక్కువగా నేలకు చేరుతుంది. యాత్రికుల కోసం రోజంతా ఆరుబయట వేచి ఉండే అద్దె వాహనాలపై ఈ ప్రభావం అధికం.

గుర్తించే విధానం

భాగాన్ని సబ్బు నీటితో కడిగి, తడిగా ఉండగానే చూడాలి. తడిలో నల్లబడి, ఆరగానే మళ్ళీ తెల్లబడితే అది వెలిసిన ప్లాస్టిక్. వాన పడిన మట్టి ముదురు రంగులో కనిపించడానికి, దీనికి సూత్రం ఒక్కటే: నీరు పగుళ్ళను నింపి వెలుతురు చెదరడాన్ని తగ్గిస్తుంది. గరుకు గుంటలలో మాత్రమే తెల్లని చారలు ఉంటే అది ఆరిన పాలిష్ కావచ్చు. కాణిపాకం వంటి క్షేత్రాలలో వాహనపూజ చేయించిన బండ్లకైతే గంధపు చారలు కూడా కావచ్చు. ఇవి మెత్తని బ్రష్షుతో పోతాయి. మైనం కలిసిన పాలిష్ మరకకు అమెరికాలో వేరుశనగ ముద్దను రుద్దే చిట్కా ఉంది. అందులో పనిచేసేది నూనె మాత్రమే కనుక, వేరుశనగ పండే రాయలసీమలో ముద్దను వృథా చేయనవసరం లేదు.

పునరుద్ధరణ పద్ధతులు

కొబ్బరినూనె, బూట్ల పాలిష్, సిలికోన్ ద్రవాలు అన్నీ పైన చెప్పిన నీటి పనినే కొంచెం ఎక్కువకాలం చేస్తాయి. సిలికోన్ ద్రవం కొన్ని వారాలు నిలుస్తుంది. ఈ ప్రాంతానికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలకు కడుక్కుపోతుంది. వాడిన ఇంజను నూనె పూయడం తగదు. అది దుమ్మును పట్టుకుంటుంది, పక్కనున్న రబ్బరు పట్టీలను ఉబ్బిస్తుంది. పాత కారు కొనేవారు మెరిసే నలుపును చూసి భాగం కొత్తదని అనుకోరాదు. మూలన కొద్దిగా సబ్బు నీటితో తుడిచి ఆరనిస్తే పూత గుట్టు కొంతవరకు తెలుస్తుంది.

హీట్ గన్ (వేడిగాలిని చిమ్మే సాధనం) పైపొరను కాస్త కరిగించి పగుళ్ళను పూడుస్తుంది. నలుపు వెంటనే తిరిగి వస్తుంది. అయితే ఖర్చైపోయిన స్థిరీకరణ పదార్థాలు తిరిగి రావు గనుక మళ్ళీ వెలుస్తుంది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఈ సాధనం గాలి అంతకంటే చాలా ఎక్కువగా వేడెక్కగలదు. ఒకేచోట నిలిపితే బంపరు వంకరపోతుంది, అంటుకొనే ప్రమాదమూ ఉంది. అద్దాల పక్కన అసలు వాడరాదు.

గట్టిపడి పొరగా నిలిచే నల్లరంగు పూతలు, సిరామిక్ పూతలు ఎక్కువకాలం మన్నుతాయి. పూతకు ముందు పాత నూనె, సిలికోన్ ఆనవాళ్ళు పూర్తిగా తొలగించాలి, లేకపోతే పొలుసులుగా ఊడుతుంది. మామూలు పెయింటు పాలీప్రొపిలీనుకు సరిగా అంటుకోదు. దానికి ముందుగా ప్లాస్టిక్ ప్రైమరు వేయాలి. పగుళ్ళు చేతికి తగిలేంత లోతుగా ఉన్నప్పుడు భాగాన్ని మార్చడమే మేలు.

కొత్త వాహనాన్ని నీడన నిలపడం, ఘాటైన డిటర్జెంట్లు వాడకపోవడం వెలిసిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. చెట్టు నీడన నిలిపితే జిగురు, పక్షుల రెట్టలను ఆరకముందే కడగవలసి ఉంటుంది.