ఎముకల్లో కరవు
జారిపడితే మంచానికే.. యాభై దాటిన మహిళలకే ముప్పు అధికం

విడపనకల్లు: తెల్లవారుజామున వాకిట్లోకి వచ్చిన అవ్వ గడప తగిలి పడిపోతుంది. పైకి దెబ్బేమీ కనిపించదు. అయినా లేవలేదు. అప్పటికే తుంటి ఎముక విరిగి ఉంటుంది. ఇలాంటప్పుడు మండలంలోని పల్లెల వారు శస్త్రచికిత్స కోసం అనంతపురానికో, సరిహద్దు దాటి బళ్లారికో తరలాల్సిందే. పిల్లలు వలస వెళ్లిన ఇళ్లలో తీసుకెళ్లే దిక్కు కూడా ఉండదు. ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్ వ్యాధే ఇందుకు ప్రధాన కారణం.

వయసును బట్టి విరిగే చోటు

యాభై దాటాక పడబోతూ చేయి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. అరవై దాటాక వెన్నుపూసలు నలుగుతాయి. డెబ్బై తర్వాత తుంటి వంతు. మణికట్టుకు కట్టు కట్టి ఇంటికి పంపిస్తారు. వెన్ను వంగితే వయసు ప్రభావమని సరిపెట్టుకుంటారు. అందుకే ఆసుపత్రుల్లో చేరిన వారి లెక్కల్లో తుంటి విరిగిన వారే ఎక్కువగా కనిపిస్తారు.

మహిళలకే ఎందుకు?

ప్రపంచవ్యాప్తంగా యాభై దాటిన మహిళల్లో ముగ్గురిలో ఒకరికి, పురుషుల్లో అయిదుగురిలో ఒకరికి ఈ వ్యాధి వల్ల ఎముక విరుగుతుందని అంచనా. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో 2009లో ఆసుపత్రుల వివరాలు సేకరించగా, యాభై దాటిన ప్రతి లక్ష మందిలో మహిళలు 159 మంది, పురుషులు 105 మంది తుంటి విరిగినవారు ఉన్నట్లు తేలింది. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో మహిళల ఎముకలు వేగంగా పలచబడతాయి. అలాగని పురుషులకు ముప్పు లేదనుకోరాదు. తుంటి విరిగాక ఏడాదిలోపు మరణించే అవకాశం వారిలోనే ఎక్కువ.

తిండిలోనే లోటు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పేద మహిళలపై జరిపిన పరిశీలన 2005లో వెలువడింది. 30 నుంచి 60 ఏళ్ల లోపు వారిలో సుమారు 29 శాతం మందికి తుంటి ఎముక మెడభాగం గుల్లబారినట్లు అందులో వెల్లడైంది. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఎండలో పనిచేసే పల్లె వారిలో విటమిన్ డి పట్టణవాసుల కంటే మెరుగ్గా ఉన్నా, ఆహారంలో కాల్షియం మాత్రం చాలా తక్కువ. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు లభిస్తుంది. బియ్యంలో అది నామమాత్రమే. సంగటి స్థానంలో అన్నం వచ్చాక ఈ లోటు పెరిగింది.

ఏం చేయాలి?

తుంటి విరిగితే నాటు కట్టుతో కాలయాపన చేయరాదు. వీలైనంతవరకు రెండు రోజుల్లోపే శస్త్రచికిత్స జరగాలి. నెలల తరబడి మంచానపడితే పుండ్లు, న్యుమోనియా ప్రాణం తీస్తాయి. ప్రభుత్వ వైద్యసేవ పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని సహాయక కేంద్రంలో విచారించుకోవాలి. కీళ్లనొప్పులకు, ఆయాసానికి వైద్యుల సలహా లేకుండా స్టెరాయిడ్లు వాడితే ఎముకలు మరింత గుల్లబారతాయి.

రాగి సంగటి, పాలు, మజ్జిగ, నువ్వులు, మునగాకు తరచూ తీసుకోవాలి. పొగాకు మానాలి. రాత్రివేళ వాకిట్లో దీపం, స్నానాల గదిలో పట్టుకునేందుకు కమ్మీ ఉండాలి. ఒకసారి మణికట్టు విరిగితే దాన్ని హెచ్చరికగా భావించి డెక్సా పరీక్ష చేయించుకోవాలి. అప్పుడే మందులు వాడితే తుంటిని కాపాడుకోవచ్చు.